పంపుహౌస్ మూడులో ఎవరు?

మార్చి 2

ప్రియమైన ఉడుతకి,

మొన్న నీతో ఫోన్లో పదకొండు నిమిషాలు మాట్లాడాను. అందులో నువ్వు "ఊ" అన్నది ఇరవై మూడుసార్లు. మధ్యలో ఎవర్నో "సర్వర్ లేచిందా?" అని అడిగావు. లేచిందా, పథ్యం తిందా అని అడగడానికి అదేమన్నా బాలింతా? అందుకే ఇక ఫోన్ చేయను. ఉత్తరం రాస్తాను. ఉత్తరానికి ఊ కొట్టడం కుదరదు, జవాబు రాయాల్సిందే.

అసలు సంగతికి వస్తాను. నిన్న స్కూలు హెడ్‌మిస్ట్రెస్ యూనిఫాంల కొలతలు ఇవ్వడానికి షాపుకొచ్చింది. మాటల్లో, "మీ మేనకోడలు ఏం చేస్తుందండీ?" అంది. "నీటి బోర్డులో ఐటీ మేనేజర్" అన్నాను గర్వంగా. "అంటే?" అంది. చేతిలో టేపు చుట్టాను, విప్పాను. చివరికి "కంప్యూటర్లు చూసుకుంటుంది" అన్నాను. "ఓహో, రిపేర్లా?" అంది. నా ప్రాణం చివుక్కుమంది. మేనత్తనయ్యుండి, నిన్ను ఎత్తుకుని పెంచి, నువ్వు ఏం చేస్తావో చెప్పలేకపోయాను.

మీ మామయ్య ముప్ఫై ఏళ్లు అదే బోర్డులో పంపుహౌస్ సూపర్‌వైజర్‌గా చేశాడు. ఆయన పని నాకు అర్థమయ్యేది. ట్యాంకులో నీళ్లు తగ్గితే మోటారు వేయించాలి, నిండితే ఆపించాలి. నా పనీ అంతే. గుడ్డ లోపలికి వస్తుంది, చొక్కా బయటికి పోతుంది. నీ దగ్గరికి ఏం వస్తుంది? ఏం పోతుంది? ఆయన ఉంటే ఆయన్నే అడిగేదాన్ని. పోయి పద్నాలుగు నెలలైంది, ఇంకా ఏ సందేహం వచ్చినా ముందు ఆయన కుర్చీ వైపే చూస్తాను.

వివరంగా రాయి. పెద్ద మాటలు వాడకు.

నీ జవాబు కోసం కాచుక్కూచునే
అత్తయ్య

మార్చి 9

ప్రియమైన అత్తయ్యకి,

ఇరవై మూడు ఊలకూ క్షమాపణ. ఆ రోజు లేవాల్సిన సర్వర్ నిజంగానే పడుకుంది. దాన్ని లేపింది నేను కాదు, నా దగ్గర పనిచేసే తొమ్మిది మందిలో ఒకతను. నేను చేసిందల్లా అతని పక్కన నిలబడి, డైరెక్టర్ గారు మూడు నిమిషాలకోసారి చేసే ఫోన్ అతని దాకా పోకుండా నేనే ఎత్తడం. అదీ నా ఉద్యోగమే. మేనేజర్ అనేది సగం గొడుగు.

నేను చేత్తో కంప్యూటర్ విప్పి నాలుగేళ్లయింది. నిన్న ఏం చేశానో చెబుతాను, నువ్వే పేరు పెట్టు. పొద్దున్నే బిల్లుల సెక్షన్ ప్రింటర్ పనిచేయట్లేదని కబురు. చూస్తే కాగితం లేదు. తర్వాత కొత్త యంత్రాలు కావాలని డైరెక్టర్ గారితో గంటసేపు వాదన. ఆయన "పాతవి బాగానే నడుస్తున్నాయి కదమ్మా" అంటారు. "ఆగిపోయాక కొంటే ఊరికి నీళ్లు ఆగుతాయి సార్" అంటాను. ఇద్దరం నిజమే చెబుతాం, అదే చిక్కు. ఆ తర్వాత యంత్రాలమ్మే కంపెనీ వాళ్లతో బేరం. మధ్యాహ్నం, నా దగ్గర ఇద్దరు ఇంజనీర్లు మాట్లాడుకోవడం మానేస్తే వాళ్ల మధ్య కూర్చుని టీ తాగాను. సాయంత్రం, మొత్తం రికార్డులు కాలిపోయాయనుకుని, దాచిన నకలు నుంచి మళ్లీ తెచ్చుకోగలమా అని రిహార్సల్ వేశాం. తెచ్చుకోగలిగాం, కానీ ఆరు గంటలు పట్టింది. రెండు గంటల్లో రావాలి. దానికి తిట్లు నాకే.

ఇంకో పెద్ద పని తాళాలు. బోర్డులో వెయ్యికి పైగా మనుషులున్నారు. ఎవరు ఏ పేజీ తెరవచ్చు, ఎవరు మోటారు తిప్పచ్చు, ఎవరు చూసి ఊరుకోవాలి అన్నది మేమే చూడాలి. నేను చేరి ఎనిమిది నెలలైంది, ఇంకా తాళంగుత్తి మొత్తం తెలియలేదు.

నా దగ్గరికి వచ్చేది ఫిర్యాదు. బయటికి పోయేది? ఏమీ కాదు. ఏమీ జరగకపోతే ఆ రోజు బాగా పనిచేసినట్టు. హెడ్‌మిస్ట్రెస్ గారికి ఇది చెబితే నాకు ఉద్యోగమే లేదనుకుంటారు.

నువ్వు పెట్టిన పేరుకే ఇప్పటికీ పలికే
ఉడుత

మార్చి 15

ప్రియమైన ఉడుతకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కాజాలు కుట్టే అమ్మాయికి కూడా వినిపించాను. "అయితే మీ కోడలు అందరి తిట్లూ జీతానికి తింటుందన్నమాట" అని తేల్చేసింది.

ఆ టీ తాగిన సంగతి నాకు బాగా నచ్చింది. మాట్లాడుకోని ఇద్దరి మధ్య ఏం మాట్లాడావో మాత్రం రాయలేదు. అలాంటివి దాటేయకు. రికార్డులు కాలిపోయాయనుకుని రిహార్సల్ వేశామన్నావు, అది విని భయపడ్డాను గానీ, తర్వాత తోచింది. నేనూ ప్రతి కొత్త డిజైన్‌కీ కాగితం మీద రెండు నకళ్లు గీసి ఒకటి ఇంట్లో పెడతాను. ఒకసారి పైకప్పు కారి షాపులోవన్నీ తడిసిపోయాయి మరి. కాకపోతే ఇంట్లో ఉన్నది తీసి ఎప్పుడూ కత్తిరించి చూడలేదు. సరిపోతుందో లేదో. నీ పుణ్యమా అని రేపు చూస్తాను.

ఇన్ని తిట్లూ బేరాలూ రాశావు. ఇందులో నీకిష్టమైన పని ఏది? ఏది చేస్తుంటే ఆకలి మర్చిపోతావు? నాకైతే చెయ్యి ఎక్కించడం. చంక దగ్గర గుడ్డ తిరిగి కూర్చునే క్షణం ఉంటుందే, దాని కోసం మిగతా చొక్కా అంతా కుడతాను.

తెలుసుకోవాలని తహతహలాడే
అత్తయ్య

మార్చి 24

ప్రియమైన అత్తయ్యకి,

ఆ ఇంజనీర్లతో ఏమీ మాట్లాడలేదు. టీ అయిపోయేదాకా ముగ్గురం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాం. చివరికి ఒకడు "ఇంకో టీ తాగుదామా?" అన్నాడు. అంతే.

నాకిష్టమైన పని అడిగావు. లాగ్ చదవడం. లాగ్ అంటే కంప్యూటర్ తనంతట తాను రాసుకునే దినచర్య. ఎవరు ఎప్పుడు తలుపు తీశారు, ఏ పేజీ చూశారు, ఎప్పుడు వెళ్లారు, అన్నీ వరస తప్పకుండా ఉంటాయి. అందరికీ అది చీమలబారు. నాకు మాత్రం అందులో మనుషులు కనిపిస్తారు. బిల్లుల సెక్షన్‌లో ఒకాయన రోజూ పాస్‌వర్డ్ మొదటిసారి తప్పు కొడతాడు, రెండోసారి సరిగ్గా కొడతాడు. సోమవారం మాత్రం నాలుగుసార్లు పడుతుంది.

ఇప్పుడు నీకో వింత చెబుతాను. పది రోజులుగా నా బుర్ర తినేస్తోంది.

ఆ లాగ్‌లో ఒక పేరు కనిపించింది. మనిషి పేరు కాదు, "పంపుహౌస్-3". అవును, మీ ఊరిదే, మామయ్య పనిచేసిందే. ఆయన రిటైరయ్యాక అక్కడ మోటార్లు వాటంతటవే నడుస్తున్నాయి, సూపర్‌వైజర్ పోస్టే తీసేశారు. కాబట్టి ఆ ఖాతా నాలుగేళ్ల క్రితమే మూసేయాల్సింది. మూయలేదు. అయినా సరే, రోజూ ఉదయం ఐదూ నలభైకి ఎవరో ఆ పేరుతో లోపలికి వస్తున్నారు. ట్యాంకులో నీటి మట్టం చూపించే పేజీ ఒక్కటే తెరుస్తారు. రెండు మూడు నిమిషాలు ఉంటారు. దేన్నీ ముట్టుకోరు. వెళ్లిపోతారు. ఆదివారం లేదు, వాన లేదు. దొంగ అయితే ఏదో ఒకటి తీయాలి కదా! ఏమీ తీయడు. ఏం చూస్తున్నాడు? ఎందుకు చూస్తున్నాడు?

చూడటమే అయితే నాకు కుతూహలంతో సరిపోయేది. కానీ ఆ ఖాతాకి మోటార్లు తిప్పే అధికారం కూడా ఉంది. ఆ పాస్‌వర్డ్ చెడ్డవాడి చేతిలో పడితే ఊరు ఊరంతా ఎండుతుంది, లేదా మునుగుతుంది. అందుకని మోటార్ల అధికారం పీకేశాను. తలుపు మాత్రం మూయలేదు. మూస్తే ఎవరో ఎప్పటికీ తెలియదు.

నీకేమైనా గుర్తుందా? మామయ్య రోజుల్లో ఆ పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు?

ఆకలి మర్చిపోయిన
ఉడుత

మార్చి 30

ప్రియమైన ఉడుతకి,

ఉత్తరం శుక్రవారం అందింది. స్కూలు యూనిఫాంల పని ఎక్కువ, అందుకే రాయడం ఆలస్యమైంది.

నువ్వడిగినదానికి చెబుతున్నాను. మీ మామయ్య దగ్గర ఇద్దరు మోటారు ఆపరేటర్లు ఉండేవారు. ఒకరు పోయారు, ఇంకొకరు కొడుకు దగ్గరికి వేరే ఊరు వెళ్లిపోయారు. ఫిట్టర్ ఉన్నాడు. మీ మామయ్య దగ్గరే పని నేర్చుకున్నాడు, ఇప్పటికీ అక్కడే చేస్తున్నాడు. వీళ్లకి ఆ పాస్‌వర్డ్ తెలిసే ఉంటుంది.

దొరికితే ఏం చేస్తారు? చూసినందుకు కూడా శిక్ష ఉంటుందా? ఏమీ ముట్టుకోలేదని నువ్వే రాశావు.

ఒంట్లో కాస్త నలతగా ఉంది. ఎక్కువ రాయలేను.

అత్తయ్య

ఏప్రిల్ 10

ప్రియమైన అత్తయ్యకి,

ఒళ్లెలా ఉంది? నలత అని రాసి ఊరుకుంటే ఎలా? డాక్టర్ దగ్గరికి వెళ్లావా?

ఇక్కడ విషయం నా చేయి దాటింది. ఆ ఖాతాకి మొన్నటిదాకా మోటార్లు తిప్పే అధికారం ఉండేదని తెలియగానే డైరెక్టర్ గారు దాన్ని విచారణ కింద వేశారు. ఆ రాకపోకలు ఏ ఊరి ఇంటర్నెట్ లైను మీద నుంచో తెలిసింది, మీ ఊరే. ఏ ఇల్లో చెప్పమని టెలిఫోన్ కంపెనీకి రాశాం. వాళ్లు వారం పది రోజులు తీసుకుంటారు. ఈలోగా డైరెక్టర్ గారు "పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు ఎవరు?" అన్నారు. నువ్వు రాసింది చెప్పాను. "ఊరు అదే, పాస్‌వర్డ్ తెలుసు, పొద్దున్నే లేచే ఉద్యోగం. ఇంకేం కావాలి?" అన్నారు. ఐదో తారీకు నుంచి ఫిట్టర్‌ని డ్యూటీకి రావద్దన్నారు. నేనే అతనికి ఫోన్ చేసి చెప్పాల్సి వచ్చింది. "ఐదూ నలభైకా మేడమ్?" అని అడిగాడు. అవునన్నాను. "సరే" అన్నాడు. తను చేయలేదనీ అనలేదు, చేశాననీ అనలేదు.

నా సంగతీ చెప్పాలి. నేను చేరిన మొదటి నెలలో, "అక్కర్లేని ఖాతాలన్నీ మూసేశాం" అని ఆడిట్ వాళ్లకి ఒక కాగితం పోవాలి. నా ముందు పనిచేసినాయన తయారుచేసిన జాబితా ఉంది. దాన్ని నమ్మి సంతకం పెట్టేశాను. ఒక్క ఖాతా కూడా తెరిచి చూసుకోలేదు. ఇప్పుడు ఇంట్లో కూర్చోవాల్సింది ఎవరు, కూర్చున్నది ఎవరు?

ఇంకో వింత. ఆ మనిషి రావడం మానేశాడు. మార్చి ఇరవై ఎనిమిది తెల్లవారు నుంచి లాగ్‌లో లేడు. అప్పటికి ఫిట్టర్‌ని మేం ఏమీ అడగలేదు. ఈ సంగతి ఆఫీసులో ఏడుగురికే తెలుసు. ఆ ఏడుగురిలో ఎవరో అతన్ని హెచ్చరించారని డైరెక్టర్ గారి అనుమానం. ఇప్పుడు నా తొమ్మిది మందీ ఒకరినొకరు అదోలా చూసుకుంటున్నారు. ఈసారి టీతో తీరేలా లేదు.

నీ ఆరోగ్యం గురించి తప్పక రాయి.

బెంగతో
ఉడుత

ఏప్రిల్ 18

ప్రియమైన అత్తయ్యకి,

ఏడుగురిని మళ్లీ మళ్లీ లెక్కపెట్టాను. ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడాను. వాళ్లలో ఒకామె ఏడ్చింది కూడా. మొన్న మధ్యాహ్నం నీ పాత ఉత్తరాలు తీసి చూస్తుంటే కనబడింది. నేను ఈ సంగతి రాసింది మార్చి ఇరవై నాలుగున. నీకు అందింది శుక్రవారం, అంటే ఇరవై ఏడు. శనివారం ఉదయం నుంచి పంపుహౌస్ మూడుకి ఎవరూ రావడం లేదు.

ఎనిమిదో మనిషిని నేను లెక్కలో వేసుకోలేదు.

నిన్న టెలిఫోన్ కంపెనీ జవాబు వచ్చింది. కవరు చింపకముందే నాకు తెలుసు. చింపాక మీ వీధి పేరు, షాపు పైన నీ వాటా నంబరు. ఒక పూటంతా దాన్ని సొరుగులో పెట్టుకున్నాను, అత్తయ్యా. నిజం చెబుతున్నాను. పోగొట్టుకుందామా అని కూడా అనిపించింది. కాగితమే కదా. కానీ ఆ సాయంత్రం ఫిట్టర్ భార్య ఆఫీసుకి ఫోన్ చేసింది. "మా ఆయన తిండి తినట్లేదు మేడమ్, ఏం చేశాడో మీరైనా చెప్పండి" అంది. నా దగ్గర జవాబు ఉంది. సొరుగులో ఉంది.

ఈ ఉదయం ఆ కాగితం డైరెక్టర్ గారి బల్ల మీద పెట్టాను. ఆమె నా మేనత్త అని చెప్పాను. విచారణ సంగతి బయటికి రాసింది నేనేనని చెప్పాను. ఆడిట్ కాగితం మీద సంతకం గురించీ చెప్పాను. ఇకపై ఈ విచారణలో నేను ఉండకూడదు. బంధువుని కాబట్టి ఆ గదిలోకి నన్ను రానివ్వరు. నీకు పిలుపు వస్తుంది.

ఎందుకు చేశావని ఈ ఉత్తరంలో అడగను. అడిగే హక్కు మేనేజర్‌గా పోయింది, మేనకోడలిగా ధైర్యం రావట్లేదు.

ఎప్పటికీ నీ
ఉడుత

ఏప్రిల్ 18

ప్రియమైన ఉడుతకి,

నాకు నలతా లేదు గిలతా లేదు. నీ ముందు తల ఎత్తలేక రాసిన అబద్ధం అది. నువ్వు వెతికే మనిషిని నేనే.

మొదటి నుంచీ చెబుతాను. మీ మామయ్యకి రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు చూపు పోవడం మొదలైంది. కంటి నరం ఎండిపోతోంది, మందుల్తో ఆగేదే గానీ తిరిగొచ్చేది కాదు అన్నారు. ఆఫీసులో తెలిస్తే పక్కన కూర్చోబెడతారని ఆయన భయం. పొద్దున ఐదూ నలభైకి ఇంట్లోంచే కంప్యూటర్‌లో నీటి మట్టం చూసి, ఎన్ని మోటార్లు వేయాలో ఫోన్లో పంపుహౌస్‌కి చెప్పాలి. ఆయనకి అంకెలు కనబడవు. నేను పాస్‌వర్డ్ కొట్టేదాన్ని. ఆయన "ఎంత?" అనేవాడు. నేను "తొమ్మిది అడుగుల రెండు" అనేదాన్ని. ఆయన ఫోన్లో ఆ మాటే చెప్పేవాడు. రెండేళ్లు అలా నడిచింది.

ఒకరోజు ఆరుని ఎనిమిది అని చదివాను. మోటారు ఆలస్యంగా వేశారు. మధ్యాహ్నం దాకా సగం ఊరికి నీళ్లు లేవు. ఆయనకి మెమో ఇచ్చారు. "నేనే తప్పు చదివాను" అని రాసి ఇచ్చాడు. ముప్ఫై ఏళ్లలో ఒకే ఒక్క మెమో, అదీ నాది.

రిటైరయ్యాక కూడా పొద్దున్నే "ఎంత?" అనేవాడు. ఆయనకి తోచక అడుగుతున్నాడనుకుని చదివేదాన్ని. పోయిన మర్నాడు ఐదూ నలభైకి నా అంతట నేనే వెళ్లి కూర్చున్నాను. అంకె చూశాను. పైకి చదివాను. లేచి పనిలో పడ్డాను. రోజూ అంతే. అది తప్పని గానీ, ఒకరి తలుపు తీస్తున్నానని గానీ నాకు తట్టలేదు. నీ ఉత్తరం వచ్చాకే తట్టింది.

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. పాస్‌వర్డ్ తెలిసినవాళ్ల పేర్లు రాశాను. అన్నీ నిజాలే రాశాను, నా పేరు ఒక్కటీ వదిలేశాను. నన్ను పట్టుకుంటారని కాదు, ఆయన కళ్ల సంగతి బయటపడుతుందని. ఆ వదిలేసిన ఒక్క పేరుకి ఫిట్టర్ బలయ్యాడు. మొన్న వాడు నా షాపు ముందు నుంచి నడిచి వెళ్లాడు. పనివేళ, చేతిలో సంచీ లేకుండా. "బాగున్నారా అమ్మా" అన్నాడు. నేను తలూపాను. కత్తెర చేతిలో ఉండగా గుడ్డ వంకరగా తెగడం నాకు జన్మలో అదే మొదటిసారి.

ఈ ఉత్తరం మీ డైరెక్టర్‌కి చూపించు. వాడిని వెంటనే పనిలోకి రమ్మనమను.

నిన్ను చిక్కుల్లో పడేసిన
అత్తయ్య

ఏప్రిల్ 23

ప్రియమైన అత్తయ్యకి,

మన ఉత్తరాలు రెండూ దారిలో ఎక్కడో ఎదురుపడే ఉంటాయి. నీది రెండుసార్లు చదివాను. నేను చెప్పకముందే నువ్వు చెప్పావు. నువ్వు చెప్పకముందే నేను చెప్పాను. ఏది ముందో తేల్చే లాగ్ లేదు. నాకు అదే నయం.

నీ ఉత్తరంలో రెండు సంగతులున్నాయి. ఆ ఖాతా తెరిచింది నువ్వన్నది ఆఫీసుకి చెందింది, అది వాళ్లకి చెప్పాను. ఫిట్టర్‌ని మళ్లీ డ్యూటీకి పిలిచారు. మామయ్య కళ్ల సంగతి నీది. ఉత్తరం చూపించలేదు. విచారణలో ఆ రెండోది చెప్పాలో వద్దో నీ ఇష్టం. చెప్పకపోయినా ఎవరూ అడగరు.

నాకు మెమో ఇచ్చారు. అది న్యాయమే. శిక్షగా కాదు గానీ పనిగా, మొత్తం ఖాతాలు ఒక్కొక్కటీ చేత్తో తెరిచి చూస్తున్నాం, నేనూ నా తొమ్మిది మందీ. ఇప్పటికి నలభై ఒక్కటి దొరికాయి. మానేసినవాళ్లవి, బదిలీ అయినవాళ్లవి, పోయినవాళ్లవి. మూసే ముందు ఒక్కొక్కరి ఇంటికీ ఫోన్ చేస్తున్నాను. అది నిబంధనల్లో లేదు.

పంపుహౌస్ మూడు నిన్న నేనే మూసేశాను. "నిజంగానే తీసేయాలా?" అని అడుగుతుంది కంప్యూటర్. మామూలుగా ఆ ప్రశ్న చదవకుండానే నొక్కేస్తాం. నిన్న చదివాను.

వచ్చే నెల రెండున విచారణ. భయపడకు. నేను ఆ గదిలో లేకపోయినా,

నీవైపే ఉండే
ఉడుత

మే 3

ప్రియమైన ఉడుతకి,

నిన్ను గదిలోకి రానివ్వలేదు కాబట్టి ఏం జరిగిందో నేనే చెబుతాను. వాళ్లు రాసుకున్న కాగితంలో ఇదంతా ఉండదు.

మన ఊరి బ్రాంచి ఆఫీసులోనే పెట్టారు. పొడుగు బల్ల. అవతల డైరెక్టర్ గారు, పక్కన రాసుకునే ఆమె. ఇవతల నేను. తలుపు దగ్గర కుర్చీలో ఫిట్టర్. నీలం చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. నేను కుట్టిందే, కాలర్ అరిగిపోయింది. డైరెక్టర్ గారిని తలచుకుని మూడు రోజులు వణికాను గానీ, మనిషి మెత్తనివాడే. తెలుసుకోవాలని అడుగుతాడు, పడగొట్టాలని కాదు.

"రోజూ ఏం చూసేవారమ్మా?"

"నీళ్లు ఎంతున్నాయో చూసేదాన్ని."

"చూసి?"

"చూసి మూసేసేదాన్ని."

"దానివల్ల మీకేంటి?"

ఏం చెప్పను? "ఇంటికి తాళం వేశాక ఒకసారి లాగి చూస్తారు కదండీ. దానివల్ల మీకేంటి?" అన్నాను. రాసుకునే ఆమె పెన్ను ఆగిపోయింది. ఆయన మాత్రం నవ్వలేదు. ఆలోచించి, "రాయండి" అన్నాడు ఆమెతో.

అక్కడితో ముగిసేదే. మీ మామయ్య కళ్ల గురించి ఎవరూ అడగలేదు, నువ్వు చెప్పినట్టే. కానీ తలుపు దగ్గర వాడు కూర్చున్నాడు కదా. సగం చెప్పి ఊరుకుంటే ఏమవుతుందో ఒకసారి చూశాను. అందుకని చెప్పేశాను. చూపు పోయిందని, రెండేళ్లు అంకెలు నేనే చదివానని, ఆరుని ఎనిమిది అన్నది నేనని, మెమో నాకు రావాల్సిందని. చెబుతుంటే ఆయన్ని వీధిలో నిలబెట్టినట్టు అనిపించింది.

అప్పుడు ఫిట్టర్ లేచాడు. "సార్, ఆ సంగతి మాకు తెలుసు" అన్నాడు.

నేను వెనక్కి తిరిగి చూశాను.

"ఎప్పట్నుంచి?" అన్నారు డైరెక్టర్ గారు.

"మొదటి నెల నుంచే సార్. ఫోన్ నేనే ఎత్తేవాణ్ణి. ముందు అమ్మ గొంతు దూరంగా 'తొమ్మిది అడుగుల రెండు' అని వినబడేది. తర్వాత ఆయన దగ్గరగా 'తొమ్మిది అడుగుల రెండు' అనేవాడు. నేనూ ఆపరేటర్లిద్దరూ, మేం ముగ్గురం ఒకరితో ఒకరం కూడా ఎప్పుడూ అనుకోలేదు. అమ్మ గొంతు వినగానే మోటారు దగ్గరికి నడిచేవాణ్ణి, ఆయన చెప్పేసరికి చెయ్యి స్విచ్చి మీద ఉండేది."

"మరి ఆ ఎనిమిది అన్న రోజు?"

వాడు తల దించుకున్నాడు. "ట్యాంకు దగ్గర కొలబద్ద చూశాను సార్. ఆరే ఉంది. తప్పని తెలుసు. చెబితే, మాకు తెలుసని ఆయనకి తెలిసిపోతుంది. అందుకని మెదలకుండా ఉన్నాను. ఆ మెమోలో నాకూ వాటా ఉంది."

రాసుకునే ఆమె అది కూడా రాసుకుంది.

తర్వాత డైరెక్టర్ గారు అసలు ప్రశ్న అడిగారు. "అయితే ఈ ఖాతా తెరుస్తున్నది ఈమేనని కూడా నీకు తెలుసా?"

"ఐదూ నలభై అని మేడమ్ చెప్పగానే తెలిసింది సార్."

"తెలిసి రెండు వారాలు ఇంట్లో ఎందుకు కూర్చున్నావయ్యా? ఒక్క మాట చెబితే పోయేదిగా!"

"అమ్మ చెబుతారని, సార్" అన్నాడు.

అంతే అన్నాడు, ఉడుతా. కోపంగా కాదు, దెప్పినట్టు కూడా కాదు. బస్సు వస్తుందని చెప్పినంత మామూలుగా అన్నాడు. నన్ను ఎవరు ఎన్ని తిట్టినా అంత సిగ్గుపడేదాన్ని కాదు. నా షాపు ముందు నుంచి "బాగున్నారా" అంటూ నడిచి వెళ్లినప్పుడు వాడికి తెలుసు. నేను తలూపినప్పుడూ తెలుసు. ఇంట్లో భార్యకి కూడా చెప్పలేదట.

వాడిని అప్పటికే పనిలోకి తీసుకున్నారు కదా, ఇంట్లో ఉన్న రోజులన్నీ డ్యూటీగానే రాస్తామన్నారు. నా చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, ఇక ఎప్పుడూ అలా చేయనని. చదివే పెట్టాను. బయటికొస్తుంటే డైరెక్టర్ గారు ఆపి, "మీ మేనకోడలు ఆ కాగితం పట్టుకుని రెండుసార్లు నా తలుపు దాకా వచ్చి వెనక్కి వెళ్లిందమ్మా. మూడోసారి నా బల్ల మీద పెట్టింది" అన్నారు. నేను దాన్ని మెప్పుగానే తీసుకున్నాను.

మెట్ల దగ్గర ఫిట్టర్ నా కోసం ఆగాడు. నేను, "ఆ కాలర్ తిప్పి కుడతాను, చొక్కా పంపించు" అన్నాను. "రెండున్నాయమ్మా అలాంటివి" అన్నాడు. "రెండూ పంపించు" అన్నాను.

ఈ ఉదయం ఐదూ నలభైకి ఎప్పటిలాగే మెలకువ వచ్చింది. ట్యాంకులో ఎన్ని అడుగులున్నాయో ఇక నాకు తెలిసే దారి లేదు. కొళాయి తిప్పాను, నీళ్లొచ్చాయి. ముఖం కడుక్కుందామనుకుని, కట్టేసి, మళ్లీ వెళ్లి పడుకున్నాను. లేచేసరికి ఏడూ ఇరవై. కింద షాపు ముందు ముగ్గురు నిలబడి ఉన్నారు. నేను ఏనాడూ ఆలస్యంగా తెరవలేదేమో, వాళ్ల ముఖాల్లో కంగారు.

"ఏమైందండీ, ఒంట్లో బాగోలేదా?" అంది ఒకావిడ.

"బాగుంది, నిద్రపోయాను" అని చెప్పి షట్టరు ఎత్తాను.

ఈసారి ఏమీ వదిలేయకుండా అంతా రాసిన
అత్తయ్య